కుడిపక్క సీటు

ఆమె పళ్ళ డాక్టరు. రోజంతా ఆమె ఎదుట మనుషులకు కొదవలేదు కాని, వాళ్ళందరూ నోరు తెరుచుకునే ఉంటారు, మాట మాత్రం ఆడలేరు. "నొప్పిగా ఉందా?" అంటే "ఆఁ" అంటారు. "పిల్లలు బాగున్నారా?" అన్నా "ఆఁ" అనే అంటారు. సాయంత్రం క్లినిక్‌కి తాళం వేసుకుని, మెట్లెక్కి పై అంతస్తులో ఉన్న తన ఇంటికి చేరేసరికి, పొద్దుటినుంచి తాను ఆడిన మాటలన్నిటికీ జవాబుగా దొరికింది ఆ ఒక్క అక్షరమే కదా అని ఆమెకు అప్పుడప్పుడు నవ్వొచ్చేది. ఆ నవ్వు పంచుకోవడానికి ఎదురుగా ఎవరూ ఉండేవాళ్ళు కాదు కనక అది పెదవుల దాకా వచ్చి ఆగిపోయేది.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఒక వయసు దాటాక అడగడం మానేశారు. అమ్మా నాన్నా పోయాక ఆమెకు మిగిలింది ఒక్క చెల్లెలు. అదే ఊళ్ళో, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉండేది. బళ్ళో లెక్కలు చెప్పేది. చెల్లెలి భర్త ఒక బీమా కంపెనీలో పనిచేసేవాడు. ఇంటికొచ్చినవాళ్ళను నవ్వించకుండా పంపడం చేతకాని మనిషి.

డాక్టరమ్మకు ఒక విమానం ఉంది. పెద్దదేమీ కాదు. ముక్కున ఒకే ఒక పంకా, దాని వెనక ఒకే ఒక ఇంజను, లోపల నాలుగు సీట్లు. రెక్కలు నెత్తిమీద ఉంటాయి. పొడుగువాళ్ళు ఎక్కేటప్పుడు తల కొట్టుకోవడం ఖాయం. వయసులో ఆమెకంటే రెండు మూడేళ్ళు మాత్రమే చిన్నది. పెట్రోలుతో నడుస్తుంది, కారు ఇంజనులాగే సిలిండర్లూ పిస్టన్లూ ఉంటాయి, కారులాగే తుమ్ముతుంది, దగ్గుతుంది, చలికాలం పొద్దున్నే లేవనంటుంది. మరిది ఆ విమానాన్ని "మా తోడల్లుడు" అనేవాడు. "వదినగారూ, మా తోడల్లుడు కులాసానా? ఈ నెల ఏమైనా అలిగాడా?" అని అడగందే ఆమెకు కాఫీ ఇచ్చేవాడు కాదు.

ఈ విమానం గొడవంతా ఒక జ్ఞానదంతం వల్ల వచ్చింది. ఊరి చివరి విమానాల మైదానంలో ఎగరడం నేర్పే మాస్టారొకాయన దవడ వాచిపోయి ఆమె దగ్గరికొచ్చాడు. పన్ను పీకించుకుని, వాపు తగ్గాక, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చోకుండా నిలబడే, "డాక్టరుగారూ, మీరు నన్ను కూర్చోబెట్టి హింసించారు. ఒకసారి మా కుర్చీలో మీరు కూర్చోండి, లెక్క సరిపోతుంది" అన్నాడు. ఎన్నాళ్ళకో ఒక పేషెంటు పూర్తి వాక్యం మాట్లాడాడని ఆమె సరేనంది. ఆ ఆదివారం వెళ్ళింది. తరవాత ప్రతి ఆదివారం వెళ్ళింది. లైసెన్సు వచ్చిన ఏడాదే, చూపు మందగించి ఎగరడం మానేసిన ఒక కాంట్రాక్టరు దగ్గర ఈ విమానం కొనేసింది.

మొదట్లో ఒంటరిగా ఎగరడమే ఆమెకు హాయిగా ఉండేది. పైకి వెళ్ళాక, కింద ఉన్న ఊరు ఎవరో తీరిగ్గా గీసిన బొమ్మలా కనిపించేది. నది ఊరిని తాకి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకు పోయేది. బడి డాబా మీద నీళ్ళ తొట్టెలు, రైలు పట్టాల పక్కన ఎవరో వేసుకున్న పూలతోట, తన క్లినిక్ కప్పు మీద తాను ఎన్నడూ చూడని పచ్చని నాచు. ఇవన్నీ చూసి ఆమె, తనకు తెలియకుండానే, "అదిగో, అటు చూడు" అనేది. అని, కుడిపక్కకు తిరిగేది. కుడిపక్క సీటు మీద మ్యాపు, నీళ్ళ సీసా ఉండేవి.

చెల్లెల్ని తీసుకెళ్ళాలన్న కోరిక ఆమెకు అలా పట్టుకుంది.

"నేనా? నిచ్చెనెక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి" అంది చెల్లెలు మొదటిసారి. గట్టిగా అడిగితే, "పైన చలటగదా, నాకసలే జలుబు పట్టేస్తుంది" అంది. తోసిపుచ్చడానికి అన్న మాటే అది. అక్క మాత్రం దాన్ని పట్టుకుని తిన్నగా మెకానిక్ దగ్గరికి వెళ్ళింది.

ఆ మైదానంలో మెకానిక్‌ని అందరూ మేస్త్రీ అనేవాళ్ళు. లావుపాటి మనిషి. ఇంజను కింద దూరినప్పుడు బయటికి రావడానికి ఆయాసపడుతూ ఇంజన్నే తిట్టేవాడు. ఆమె విమానంలో హీటరు ఎన్నాళ్ళుగానో పనిచెయ్యడం లేదు. పొగగొట్టం చుట్టూ ఉండే రేకు తొడుగు పుచ్చిపోయింది. "మీరు స్వెట్టరేసుకుంటే పోయేదానికి ఇంజను విప్పమంటారేంటి డాక్టరమ్మా?" అని గొణిగినా, తొడుగు మార్చాడు. పొగ లోపలికి చొరబడకుండా గొట్టమంతా దీపం పెట్టి వెతికి, పగుళ్ళు లేవని తేల్చాడు. ఆమె వేడివేడి విమానంలో ఒక చుట్టు చుట్టి వచ్చి చెల్లెలికి చెప్పింది.

"చలి సరే. చప్పుడో? ఆ రొదకి నాకు తలపోటొస్తుంది" అంది చెల్లెలు.

చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్లు కొత్తవి వచ్చాయి. బయటి రొదను మింగేసి, మాట మాత్రమే వినిపించేవి. రెండు కొంది. తలుపు అంచుల్లోంచి గాలి ఈల వేస్తుందని కొత్త రబ్బరు పట్టీలు వేయించింది. ఆ తరవాతి ఏడాది నడుం బెల్టు చాలదని చెల్లెలంటే, భుజం మీదుగా వచ్చే బెల్టులు పెట్టించింది. "ఒక్కటే ఇంజనటగా, అది ఎలా ఉందో ఏమిటో నీకెలా తెలుస్తుంది?" అంటే, ఏ సిలిండరు ఎంత వేడిగా ఉందో గీతలు గీసి చూపించే చిన్న తెర బిగించింది. ఆ తెరకు తీగలు లాగడానికి విమానం నెల్లాళ్ళు పొట్ట విప్పుకుని షెడ్డులో పడి ఉంది.

"నువ్వు మూర్ఛొచ్చి పడిపోతే? నాకు నడపడం రాదే!" అందొకసారి.

ఆ ఏడాది ఆటోపైలట్ పెట్టించింది. చెయ్యి వదిలేసినా చెప్పిన దారిన పోతుందని చెల్లెలికి పేజీలు తిప్పి చూపించింది.

"మరి దించేది కూడా అదేనా?"

"దించదనుకో."

"దించదా? పైనే తిప్పుతూ కూర్చుంటుందా? అయితే ఇంకెందుకే అక్కా అది!"

మరిది కాఫీ కప్పు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "వదినగారూ, మా తోడల్లుడికి పెట్టినన్ని నగలు మా ఆవిడకి నేను జన్మలో పెట్టలేను" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. చెల్లెలు నవ్వుతూనే, "ఈసారి చూద్దాంలే అక్కా" అంది. ఆ "ఈసారి చూద్దాం" అనే మాట కోసమే ఇదంతా అని మేస్త్రీకి తెలియదు. ఒకరోజు ఆయిలు మారుస్తూ, పాత ఫిల్టరు కోసి లోపల ఇనుప రజను ఏమైనా ఉందా అని మడతలు విప్పి చూస్తూ, "ఎగిరేది తక్కువ, విప్పేది ఎక్కువ అయిందమ్మా మీకు. ఇవన్నీ ఎవరికోసమండీ?" అన్నాడు. ఆమె ఫిల్టరు కాగితం వైపే చూస్తూ, "శుభ్రంగా ఉందిగా?" అంది. శుభ్రంగానే ఉంది.

మరిదికి బదిలీ అయింది. కొండల అవతల, రైల్లో పోతే ఒక పగలంతా పట్టే ఊరు. చెల్లెలు బడికి రాజీనామా ఇచ్చింది. సామాన్లు అట్టపెట్టెల్లో సర్దుతుంటే అక్క సాయానికి వెళ్ళింది. ఇద్దరూ నేలమీద కూర్చుని గాజు సామాన్లకు పాత దినపత్రికలు చుడుతున్నారు. ఉన్నట్టుండి చెల్లెలు, "వెళ్ళేలోపు నీ విమానం ఎక్కుతానక్కా" అంది.

అక్క చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "నిజంగానా?"

"నిజంగానే. ఇన్నేళ్ళ బట్టి అడుగుతున్నావు. మళ్ళీ ఎప్పుడొస్తానో ఏమో. ఈ ఆదివారం తీసుకెళ్ళు. ఎక్కువ దూరం వద్దు."

"సముద్రం దాకా వెళ్దాం. అక్కడ చిన్న మైదానం ఉంది, పక్కనే టీ దుకాణం. ఒక టీ తాగి వచ్చేద్దాం."

"సరే. టీ తాగి వచ్చేద్దాం."

ఆ వారమంతా ఆమె ఎవరి పంట్లో ఏం నింపిందో ఆమెకే తెలియదు. సాయంత్రాలు షెడ్డుకు పోయింది. నేలమీద అట్టముక్క పరుచుకుని, వెల్లకిలా పడుకుని, విమానం పొట్టకు అంటిన నూనె జిడ్డు తుడిచింది. ముందు అద్దం మెత్తటి గుడ్డతో పై నుంచి కిందికే రుద్దింది, గుండ్రంగా రుద్దితే గీతలు పడతాయని. కుడిపక్క సీటు కింద దుమ్ము ఊడ్చింది. మ్యాపునూ నీళ్ళ సీసానూ తీసి వెనక సీట్లో పడేసింది.

ఆదివారం ఎండ బాగా కాసింది. గాలి లేదు. చెల్లెలు స్వెట్టరు వేసుకుని, పైన శాలువా కప్పుకుని, చేతిలో బిస్కట్ల పొట్లంతో వచ్చింది. మరిది విమానం ముక్కు మీద చెయ్యేసి, "తోడల్లుడూ, మా ఆవిణ్ణి నీ చేతిలో పెడుతున్నాను, జాగ్రత్త" అని, కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

అక్క చెల్లెలికి బెల్టు బిగించి, హెడ్‌సెట్ తలకు సరిచేసి, ఇంజను స్టార్టు చేసింది. చెల్లెలు తన శాలువా కొసను పిడికిట్లో బిగించింది.

"వినిపిస్తోందా?" అంది అక్క.

"అమ్మో! నీ గొంతు నా తలలోంచి వస్తోందే!"

"నీ గొంతూ అంతే."

"చిన్నప్పుడు దుప్పటి కింద మాట్లాడుకున్నట్టుంది" అని చెల్లెలు నవ్వింది. ఆ నవ్వు డాక్టరమ్మ రెండు చెవుల్లోనూ మధ్యలోనూ నిండింది. విమానం మెల్లగా రన్‌వే వైపు దొర్లుతోంది. ఇన్నేళ్ళలో కుడిపక్క తలుపు అద్దం మీద ఒక మనిషి నీడ పడడం ఆమె మొదటిసారి చూసింది.

రన్‌వే ఎక్కే ముందు ఆగి ఇంజన్ను పరీక్షించాలి. ఇలాంటి ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే పరికరాలు రెండుంటాయి, మాగ్నెటోలంటారు. ఒకటి ఎడమది, ఒకటి కుడిది. ప్రతి సిలిండరుకూ రెండు ప్లగ్గులు, ఒక్కో మాగ్నెటోకు ఒక్కోటి. ఒకటి చచ్చినా రెండోది ఇంజన్ను నడిపిస్తుంది. అందుకే ఎగిరే ముందు ఇంజన్ను కాస్త పరిగెత్తించి, ఒకదాన్ని ఆపి రెండోదాని మీద, రెండోదాన్ని ఆపి మొదటిదాని మీద నడిపి చూస్తారు. ఎడమదాని మీద ఇంజను వేగం కొంచెమే తగ్గింది. తగ్గాల్సినంతే. కుడిదాని మీదికి తిప్పింది. ఇంజను ఒక్కసారిగా కుంటింది. ముక్కు అదిరింది, చేతికింద ఇంజను వేగం పెంచే థ్రాటిల్ పిడి వణికింది.

"ఏంటది?" అంది చెల్లెలు.

"ప్లగ్గుల మీద మసి పేరుకుని ఉంటుంది. కాల్చేస్తే పోతుంది." నిజంగానే తొంభైపాళ్ళు అంతే అవుతుంది. పెట్రోలు తగ్గించి, గాలి ఎక్కువిచ్చి, ఇంజన్ను గట్టిగా కాసేపు తిప్పింది. మళ్ళీ చూసింది. మళ్ళీ కుంటింది. ఇంకోసారి కాల్చి చూసింది. అంతే.

రెండూ కలిపి పెడితే మాత్రం ఇంజను పట్టులా నడుస్తోంది. తెర మీద గీతలన్నీ సమంగా నిలబడి ఉన్నాయి. పక్కనున్న మనిషికి తేడా ఏమీ తెలియదు. కొంచెం దూరమే. ఎండ. గాలి లేదు. కింద అంతా చదునైన పొలాలు. ఒకటి బాగానే ఉందిగా. ఈ మాటలన్నీ ఎవరో వరసగా చెవిలో చెబుతున్నట్టు ఆమెకు వినిపించాయి. హెడ్‌సెట్లో మాత్రం చెల్లెలి ఊపిరి వినిపిస్తోంది, తొందర తొందరగా.

ఎదురుగా రన్‌వే ఖాళీగా ఉంది. రేడియోలో మైదానంవాళ్ళు, "మీరు సిద్ధమేనా?" అని అడిగారు.

ఆమె పక్కకు చూసింది. బిస్కట్ల పొట్లం చెల్లెలి ఒళ్ళో ఉంది. పొట్లం మూతి రెండు మడతలు పెట్టి, జారకుండా పిన్ను గుచ్చి ఉంది. సముద్రం దగ్గర టీతో తినాలని తెచ్చింది.

"లేదు. వెనక్కి వస్తున్నాను" అంది రేడియోలో.

"ఏమైందక్కా?"

"చిన్నదే. మేస్త్రీకి చూపించాలి. ఇవాళ వద్దు."

అప్పుడు చూసింది. చెల్లెలి భుజాలు కిందికి జారాయి. పిడికిట్లోని శాలువా వదులైంది. "పోన్లే అక్కా, పర్లేదు" అంటున్న ఆ ముఖం, పరీక్ష రద్దయిందని విన్న పిల్ల ముఖంలా విప్పారింది. దాచుకోవాలని చూసింది పాపం, చేతకాలేదు. డాక్టరమ్మ చూపు తిప్పుకుని, విమానాన్ని కూడా తిప్పింది.

కంచె దగ్గర మరిది చేతులు చాపి, "అదేంటి, అప్పుడే వచ్చేశారు! సముద్రానికి సెలవా?" అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయేముందు రాత్రి భోజనానికి చుట్టుపక్కలవాళ్ళూ, బడి టీచర్లూ వచ్చారు. మరిది ఆ కథ చెప్పాడు. చెల్లెలు శాలువా కప్పుకున్న తీరు, విమానం రన్‌వే దాకా పోయి "నాకు మూడ్ లేదు" అని తిరిగొచ్చిన తీరు నటించి చూపించాడు. "మా అక్క విమానం మా పక్కింటాయన స్కూటరు లాంటిది, తొయ్యాలి" అంది చెల్లెలు. అందరూ విరగబడి నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. తరవాత వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ అడగకపోయినా, గిన్నెలు కడిగింది.

రైలు కదిలేటప్పుడు చెల్లెలు కిటికీలోంచి చెయ్యి చాపి, "ఈసారి చూద్దాంలే అక్కా" అంది.

కొన్నాళ్ళకు మేస్త్రీ ఫోను చేశాడు. "ఒకసారి రండి డాక్టరమ్మా, మీ డిపార్ట్‌మెంటే."

షెడ్డులో బల్ల మీద గుడ్డ పరిచి, కుడి మాగ్నెటోను ముక్కలు ముక్కలుగా విప్పి పెట్టాడు. అందులోంచి ఒక చిన్న చక్రం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. నిప్పురవ్వను ఏ సిలిండరుకు ఎప్పుడు పంపాలో చూసుకునే చక్రం అది. దాని పళ్ళు కొన్ని విరిగిపోయాయి. ఇంకొన్ని మొదళ్ళలో బీటలు వారి, గోరుతో తాకితే కదులుతున్నాయి.

"పళ్ళూడిపోయాయి చూడండి" అన్నాడు. మాటలో వేళాకోళం లేదు. "నేను పోయినసారి చూసినప్పుడు బాగానే ఉంది, ఒట్టు. ఇవి ఇలాగే చేస్తాయి, చెప్పకుండా. మీరు ఆ రోజు ఫుల్ పవర్ పెట్టి లేచుంటే మిగతావి కూడా ఊడేవి. ఇక రవ్వ ఏ సిలిండర్లో ఎప్పుడు పడుతుందో ఎవడికీ తెలీదు. రెండోది బాగుంది కదా అనుకోడానికి లేదు, ఇది దాన్ని కూడా పనిచెయ్యనివ్వదు. చెట్ల ఎత్తులో ఉండగా ఇంజను తన్నడం మొదలెడితే..." అని ఆగి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "చెల్లెలుగారు కూడా ఉన్నారు కదండీ ఆ రోజు."

"ఉంది."

"చెప్పండి ఆవిడకి. మీ అక్క నిన్ను కాపాడింది అని."

ఆమె ఆ చక్రాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. పన్నును చూసినట్టే చూసింది. ఇంటికి వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది. చెల్లెలి నంబరు నొక్కబోయి ఆగింది. చెబితే ఏమవుతుంది? స్కూటరు జోకు పోతుంది. దాంతోపాటు "ఈసారి చూద్దాం" కూడా పోతుంది. ఇక ఎన్ని కొత్త యంత్రాలు బిగించినా చెల్లెలు ఆ మెట్టు మీద కాలు పెట్టదు. ఫోను బల్లమీద పెట్టేసి, దీపం వేసుకోకుండా అలాగే కూర్చుంది. కింద వీధిలో ఎవరిదో కారు ఎంతకీ స్టార్టవడం లేదు. అది స్టార్టయి వెళ్ళిపోయేదాకా విన్నది.

కొత్త మాగ్నెటో వేశాక విమానం మునుపటికంటే బాగా నడిచింది. ఆమె ఒక్కతే ఎగిరి చూసింది, మైదానం మీదే చుట్లు కొట్టింది. నది కనిపించినా ఏమీ అనలేదు. మ్యాపు మళ్ళీ కుడిపక్క సీటు మీదికి వచ్చింది. చెల్లెలు మొదట్లో రోజూ ఫోను చేసేది, తరవాత వారానికోసారి చేసింది. తరవాత ఎవరికి గుర్తొస్తే వాళ్ళు చేసుకున్నారు. ఆదివారాలు చెల్లెలి ఇంటి వైపు వెళ్ళే పని లేక, ఆమెకు ఆ రోజు పొడవు ఎంతో మొదటిసారి తెలిసింది. షెడ్డుకు వెళ్ళి, ఏ పనీ లేకపోయినా, విమానం తలుపు తీసుకుని లోపల కూర్చునేది. మేస్త్రీ అటుగా పోతూ చూసి, పలకరించకుండా వెళ్ళిపోయేవాడు.

చలి తగ్గి, కొండల మీద మబ్బులు విడిచాక, ఒకరోజు ఆమె క్లినిక్‌కి సెలవు రాసి పెట్టి బయల్దేరింది. మధ్యలో ఒక మైదానంలో పెట్రోలు పోయించుకుంది. కొండల్ని పక్కనుంచి దాటి, మధ్యాహ్నం దాటాక చెల్లెలి ఊరి మైదానంలో దిగింది. గడ్డి రన్‌వే, ఒక రేకుల గది, గాలి ఎటు వీస్తోందో చూపే ఒక గుడ్డ గొట్టం. అంతే. ముందే ఫోను చేసింది కనక చెల్లెలు ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని కంచె అవతల నిలబడి ఉంది. మరిదికి ఆఫీసు.

ఇద్దరూ రెక్క నీడలో చాప వేసుకుని కూర్చున్నారు. చెల్లెలు చిక్కింది. కొత్త ఊళ్ళో బడి ఉద్యోగం దొరకలేదట. పొద్దున్నే ఆయన వెళ్ళిపోతే సాయంత్రం దాకా మాట్లాడే మనిషి లేడట.

"నిన్న కూరగాయలవాడితో లెక్కలు మాట్లాడాను" అంది నవ్వుతూ. "చిల్లర ఎలా లెక్కపెట్టాలో నేర్పబోయాను. వాడు దండం పెట్టి బండి తోసుకుపోయాడు."

ఇద్దరూ నవ్వారు. కాఫీ తాగారు. తరవాత చెల్లెలు విమానం వైపు చూసి, "స్కూటరు బాగైందా?" అంది.

ఆ మాట ఎన్నోసార్లు విన్నదే. ఇన్నిసార్లూ నవ్వి ఊరుకున్నదే. ఈసారి ఎందుకో నవ్వు రాలేదు. "ఆ రోజు వెళ్ళుంటే తిరిగి వచ్చేవాళ్ళం కాదేమో" అంది.

చెల్లెలు కప్పు కింద పెట్టింది. "అంటే?"

చెప్పింది. చక్రం సంగతి, విరిగిన పళ్ళ సంగతి, చెట్ల ఎత్తులో ఏమయ్యేదో మేస్త్రీ చెప్పిన సంగతి. మెల్లగా, పేషెంటుకు చెప్పినట్టు, ఏదీ పెంచకుండా, ఏదీ దాచకుండా. చెల్లెలు వింటూ వింటూ చాప అంచులోంచి ఒక గడ్డిపోచ పీకి, దాన్ని తుంచుతూనే ఉంది.

"నీకు ఇన్నాళ్ళూ తెలుసా?"

"తెలుసు."

"మేమందరం నవ్వుతుంటే నువ్వూ కూర్చుని నవ్వావే!"

"అప్పటికింకా తెలీదు. తరవాత తెలిసింది."

"తరవాతైనా చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు ఇంకెప్పుడూ ఎక్కవు."

చెల్లెలు గడ్డిపోచ పారేసింది. కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు నువ్వు వెనక్కి తిప్పినప్పుడు నాకెంత హాయనిపించిందో తెలుసా అక్కా?"

"చూశాను."

"చూశావా!" అని తల దించుకుంది. "నిజం చెప్పనా? నేను ఎక్కను. అప్పుడూ నాకు ఇష్టం లేదు. నువ్వు అడుగుతుంటే కాదనలేక ఏదో ఒకటి అనేదాన్ని. నువ్వేమో వెళ్ళి అది బాగుచేయించుకుని వచ్చేదానివి! నువ్వు మూర్ఛపోతే అన్నది ఎగతాళికేనే."

"నాకూ తెలుసేమోలే" అంది అక్క.

గాలికి గుడ్డ గొట్టం లేచి, మళ్ళీ వాలింది. ఇంటికి తిరిగి వెళ్ళాలంటే ఇక లేవాలి. ఆమె లేచి, రెక్కలోని పెట్రోలు కొంచెం గాజు గొట్టంలోకి పట్టి, నీళ్ళు కలవలేదని చూసుకుంటోంది. చెల్లెలు వెనకాలే వచ్చి నిలబడింది.

"ఇంకోటి అలాగే విరిగితే?"

"రెండోది ఉంటుంది."

"అదీ పోతే?"

"పొలం చూసుకుని దించుతాను. నేర్పారు."

"దించి?"

"దించి... ఎవరో ఒకరు వస్తారు."

"నాకెప్పుడు తెలుస్తుంది?" అంది చెల్లెలు.

డాక్టరమ్మ చేతిలో గాజు గొట్టం పట్టుకుని నిలబడింది. ఈ ప్రశ్న ఆమె ఎన్నడూ వేసుకోలేదు. ఎగిరేముందు మైదానంలో చెబుతుంది, దిగాక మైదానంలో చెబుతుంది, అంతే. ఆమె ఇంటికి చేరిందో లేదో కనుక్కునే మనిషి లేక ఎన్నేళ్ళయిందో! పొద్దున్న క్లినిక్ తలుపు తీయకపోతే, పన్ను నొప్పితో వచ్చినవాడు విసుక్కుని ఇంకో డాక్టరు దగ్గరికి పోతాడు.

"తెలీదేమో" అంది.

"తెలీదేమోనట!" చెల్లెలికి కోపం ముంచుకొచ్చింది. పిల్లల మీద అరిచే గొంతు అది. "నేను నా భయమే చూసుకున్నాను ఇన్నాళ్ళూ, బుద్ధి లేక. నువ్వు ఒక్కదానివే ఇందులో తిరుగుతున్నావు కదా అని ఒక్కరోజూ అనుకోలేదు. ఇదిగో విను. ఎక్కేముందు నాకు ఫోను చెయ్యి. దిగగానే చెయ్యి. ఊరికే చుట్టు కొట్టి వచ్చినా చెయ్యి. చెయ్యకపోయావంటే నేను రైలెక్కి వచ్చి నీ విమానానికి నిప్పు పెడతాను."

"చేస్తాలే."

"చేస్తాలే కాదు. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టింది.

తిరుగు దారంతా ఎదురుగాలి. కొండల పక్కన విమానం బాగా ఊగింది. పెట్రోలుకు ఆగినచోట, చేతులకు పెట్రోలు వాసన వస్తుండగానే, చేసింది. "దిగాను. పెట్రోలు పోయించుకుని మళ్ళీ బయల్దేరతాను" అంటే, అవతలనుంచి, "ఎంతసేపు పడుతుంది? అన్నం తిన్నావా?" అని ప్రశ్నలు. మళ్ళీ ఎగిరింది. కుడిపక్క సీటు మీద మ్యాపు జారి కింద పడితే వంగి తీసి పెట్టింది. పొలాల మీద ఎండ పసుపుపచ్చగా వాలింది. ఎవరికీ ఏమీ చూపించే పని లేకుండా దాన్ని చూసింది. బాగానే ఉంది. కొంచెం దిగులుగా కూడా ఉంది.

తన మైదానంలో దిగేసరికి మేస్త్రీ షెడ్డు మూసేసి వెళ్ళిపోయాడు. ఇంజను ఆపింది. పంకా ఆగాక చెవుల్లో నిశ్శబ్దం గుయ్యిమంది. బెల్టు కూడా విప్పకుండా ఫోను తీసింది.

మొదటి గంటకే ఎత్తింది చెల్లెలు. "దిగావా?"

"దిగాను."

"అమ్మయ్య. ఇందాకటి నుంచీ కూర్చోలేదు తెలుసా, ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను. ఆయన నన్ను చూసి, నువ్వే ఆటోపైలట్ అయ్యావేంటి అంటున్నారు. గాలి ఉందా? ఊగిందా? వద్దు, చెప్పకు. ఇంటికి వెళ్ళి తలుపేసుకున్నాక మళ్ళీ చెయ్యి. రోడ్డు మీద లారీలుంటాయి."

"లారీలకి కూడా చెయ్యాలా?"

"చెయ్యాలి."

ఫోను పెట్టేసి, డాక్టరమ్మ కిందికి దిగి, తన దగ్గరున్న తాళంచెవితో షెడ్డు తలుపు తెరిచింది. ముందు చక్రానికి ఇనుప కడ్డీ తగిలించి, విమానాన్ని వెనక్కి తోసింది. ఒక్క మనిషి తొయ్యడానికి అది ఎప్పుడూ కొంచెం బరువే. గుమ్మం దగ్గర గట్టు తగిలి ఆగింది. భుజం ఆనించి, ఊపిరి బిగించి, ఇంకోసారి తోసింది.